తాత బీపీ మాత్ర, మనవరాలి తేలుకాటు: ఒక ప్రజోసిన్ కేసు

ఈ కేసు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఒకే ఇంట్లో, వారం తిరక్కుండా, ప్రజోసిన్ అనే ఒకే బీపీ మందు ఒక బిడ్డను నిలబెట్టింది, ఆ బిడ్డ తాతను పడేసింది. రెండూ నా కళ్ల ముందే జరిగాయి, రెండింటిలోనూ నా పొరపాటు ఎంతో కొంత ఉంది. ఊరు, వయసులు, మరికొన్ని వివరాలు కావాలనే కొంచెం మార్చాను. ఇంటివాళ్లు ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

నేను తిరుపతి, చిత్తూరు మధ్య ఒక చిన్న ఊళ్లో పది మంచాల ఆసుపత్రి నడుపుతాను. ఐసీయూ లేదు. ఆక్సిజన్, ఈసీజీ, ఒక మానిటర్, రాత్రిపూట ఒక స్టాఫ్‌నర్సు, ఇవీ నాకున్నవి. ఎండాకాలం వచ్చిందంటే తేలుకాట్లు వస్తూనే ఉంటాయి. ఎక్కువమంది నొప్పితో అరుస్తూ వస్తారు, కుట్టినచోట మత్తు ఇంజెక్షన్ చేసి కొన్ని గంటలు చూసి పంపిస్తాం. ఎప్పుడో ఒకటి మాత్రం అలా ఉండదు.

ఆ రాత్రి

జూన్ నెల, తోతాపురి కోతలు జోరుగా ఉన్న రోజులు. ఇంటాయన మామిడితోటలో కావలి. తోటలోనే రేకుల షెడ్డు, అందులోనే సంసారం. రాత్రి ఏడున్నర ప్రాంతంలో, ఏడేళ్ల పాప పడుకోవడానికి గోతాం పట్ట లాగింది, దాని మడతలో ఉన్న తేలు కుడిచేతి చూపుడువేలి మీద కుట్టింది. తాత చెప్పుతో కొట్టి చంపి, పాలిథీన్ కవర్లో వేసి పంపించాడు. ఆ పని ఎంత మేలు చేసిందో తర్వాత చెబుతాను.

మొదట అవ్వ చింతగింజను రాతిమీద అరగదీసి కుట్టినచోట అంటించింది. అరగంటయ్యాక పక్క ఊళ్లో వైద్యం చేసే ఆయన దగ్గరికి పోయారు, ఆయన డెక్సామెథాసోన్, అవిల్ ఇంజెక్షన్లు చేసి పంపించాడు. అలర్జీకి పనికొచ్చే మందులు అవి. తేలువిషం చేసేది అలర్జీ కాదు కాబట్టి ఉపయోగం లేదు, అక్కడ గంట పోయింది. ఆ గంటలోనే పాప ఏడుపు ఆపేసింది.

నా దగ్గరికి తొమ్మిదిన్నరకు తెచ్చారు. బండి మీద నాయన, అమ్మ, మధ్యలో పాప. నాయన మొదటి మాట: "నొప్పి తగ్గినట్టుండాది సార్, ఏడవడం మానేసింది. వాంతులే ఆగలేదు."

ఈ మాట వింటే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది. గిలగిలా కొట్టుకుంటూ అరిచే మనిషికి విషం చాలాసార్లు ఆ చెయ్యి దాటి పోయి ఉండదు. నొప్పి ఊసెత్తకుండా, చెమట కారుస్తూ, వాంతి చేసుకుంటూ, మత్తుగా చూసే బిడ్డ విషయంలోనే భయపడాలి. ఇంట్లోవాళ్లు మాత్రం ఏడుపు ఆగింది కాబట్టి తగ్గిందనే అనుకుంటారు, ఎవరైనా అలాగే అనుకుంటారు.

పాప గౌను చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పాదం పట్టుకుని చూస్తే ఐసుగడ్డ పట్టుకున్నట్టు ఉంది, ఆ చల్లదనం మోకాలి కింది దాకా పాకింది. బొటనవేలి గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి నాలుగు సెకన్లు పైనే పట్టింది. పల్స్ 152. బీపీ 142/98, ఏడేళ్ల పిల్లకు 100/60 చుట్టుపక్కల ఉండాల్సినది. శ్వాస నిమిషానికి 34, ఆక్సిజన్ 97 శాతం, ఊపిరితిత్తులు అప్పటికి శుభ్రంగానే ఉన్నాయి. బరువు 19 కిలోలు.

తేలేనా, పురుగుమందా?

ఇక్కడ ఒక నిమిషం ఆగాను. మామిడితోట, గోతాలు, చెమట, వాంతులు, నోట్లో నీళ్లు ఊరడం: ఇవన్నీ కలిపి చూస్తే మా ప్రాంతంలో ఏ డాక్టరుకైనా మొదట పురుగుమందు గుర్తుకొస్తుంది. అది పురుగుమందే అయితే ఆట్రోపిన్ వెంటనే పడాలి. తేలు అయితే ఆట్రోపిన్ ఇవ్వకూడదు, ఇప్పటికే పరుగెత్తుతున్న గుండెను ఇంకా పరుగెత్తిస్తుంది. రెంటికీ మందులు ఎదురెదురు కాబట్టి ఊహించి ఇచ్చే వీలు లేదు.

కంటిపాపలు చూశాను, పెద్దవిగా ఉన్నాయి. పురుగుమందుకైతే సూదిమొనంత చిన్నవైపోతాయి. చేతులు కాళ్లు ఇంత చల్లగా, బీపీ ఇంత ఎత్తున ఉండడం తేలు వైపే చూపిస్తోంది. కవర్లో ఉన్నదాన్ని ట్రేలో పోసి టార్చి వేసి చూశాం. ఎరుపు కలిసిన గోధుమరంగు, రెండంగుళాల పొడవు, సన్నటి పట్టుకొమ్ములు, లావైన తోక. మండ్రగబ్బ అని అందరూ భయపడే ఆ పెద్ద నల్లతేలు చూడ్డానికి భీకరంగా ఉంటుంది గానీ ప్రాణాలు తీసేది ఈ చిన్న ఎర్రతేలే. తాత దాన్ని కవర్లో వేసి పంపించకపోయి ఉంటే నేను ఇంకో పది నిమిషాలు తటపటాయించేవాణ్ణి.

బీపీ మాత్ర ఎందుకు, అందులోనూ ఇదే ఎందుకు?

ఈ తేలువిషం నరాల్లోని సోడియం తలుపుల్ని మూసుకోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. దాంతో నరాల కొసల నుంచి అడ్రినలిన్ జాతి రసాయనాలు ఒంట్లోకి కుమ్మరించినట్టు వచ్చేస్తాయి. మొదటి గంటల్లో చెమట, వాంతులు, తర్వాత రక్తనాళాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోవడం. కాళ్లు చల్లబడింది అందుకే. బిగుసుకున్న గొట్టాల్లోకి రక్తం తోయాలని గుండె కొట్టుకుంటుంది, అలిసిపోతుంది, అప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పిల్లలు పోయేది అక్కడే.

కాబట్టి బీపీ అంకె తగ్గించడం నా లక్ష్యం కాదు, నాళాల బిగువు వదిలించాలి. ప్రొప్రనలాల్ లాంటి బీపీ మందు ఇస్తే పల్స్ తగ్గవచ్చు, కానీ బిగువు అలాగే ఉంటుంది, దాన్ని ఎదుర్కొంటున్న గుండె బలం మాత్రం పోతుంది. నిఫెడిపిన్ నాళాలను వదులు చేస్తుంది గానీ గుండెవేగం పెంచుతుంది, అడ్రినలిన్ పని దానిపాటికది సాగుతూనే ఉంటుంది. ప్రజోసిన్ మాత్రం సరిగ్గా ఆ బిగువు పుట్టే చోట, ఆల్ఫా-1 గ్రాహకాల దగ్గర, అంటే అడ్రినలిన్ వచ్చి అతుక్కునే చోట, అడ్డుగా కూర్చుంటుంది. నరాల కొసల్లో సహజంగా ఉండే బ్రేకు ఆల్ఫా-2, దాని జోలికి పోదు.

1970ల్లో బీపీ కోసం వచ్చిన మందు ఇది. దీన్ని తేలుకాటుకు వాడి చూపించింది మహారాష్ట్ర కొంకణంలో మహాడ్ అనే చిన్న ఊళ్లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్. 1986లో వైద్య పత్రిక లాన్సెట్‌లో రాశారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు తీవ్రమైన కేసుల్లో నూటికి ముప్పైమంది దాకా పోయేవారు, ఈ మాత్ర వచ్చాక అది నూటికి ముగ్గురి లోపుకు దిగింది. నాలాగే పెద్ద సౌకర్యాలు లేనిచోట కూర్చుని, రోగి పక్కన రాత్రంతా మేలుకుని కనిపెట్టిన విషయం కాబట్టి నాకు ఆయనంటే ప్రత్యేకమైన గౌరవం.

మోతాదు కిలోకు 30 మైక్రోగ్రాములు. 19 కిలోలకు 570, అంటే దాదాపు ఒక మిల్లీగ్రాము మాత్రలో సగం. మూడు గంటలయ్యాక ఇంకోసారి, ఆ తర్వాత ఆరేసి గంటలకు, చేతులు కాళ్లు వెచ్చబడి పొడిబారే దాకా. మాత్ర ఇచ్చాక పడుకునే ఉండాలి.

చేసినవి, చెడినవి

మందుల గదిలో ప్రజోసిన్ ఉంది. కానీ ఉన్నది ఎక్స్‌ఎల్. రెండున్నరవి, అయిదువి. మామూలు ఒక మిల్లీగ్రాము మాత్ర ఒక్కటి కూడా లేదు. రోజూ ఎవరూ రాయరు, అడగరు, తెప్పించడం మానేశాం. ఆ తెప్పించకపోవడం నా తప్పు, ఇంకొకరి మీద పెట్టడానికి ఏమీ లేదు.

నర్సు "రెండున్నరను అయిదు ముక్కలు చేస్తే సగం మిల్లీగ్రామే కదా సార్" అంది. లెక్క సరైనదే. కానీ ఎక్స్‌ఎల్ అంటే లోపలి మందు 24 గంటలపాటు కొద్దికొద్దిగా బయటికి వచ్చేలా కట్టిన మాత్ర. ముక్కలు చేస్తే ఆ కట్టు తెగిపోతుంది, ఏ ముక్కలో ఎంత ఉందో, ఎంత వేగంగా దిగుతుందో తెలియదు. మొత్తంగా మింగిస్తే మోతాదు ఎక్కువ, పైగా పని మొదలయ్యేసరికి గంటలు గడుస్తాయి. బిడ్డ దగ్గర గంటలు లేవు.

అప్పుడే నాయన చొక్కాజేబులోంచి ఒక స్ట్రిప్పు తీశాడు. "మా నాయన ఏసుకునే బీపీ మాత్ర ఇది సార్. మీరు చెప్పే పేరే ఉండాది. ఇది పనికిరాదా?" అయిదు మిల్లీగ్రాముల ఎక్స్‌ఎల్. ఏం మందులు వాడుతున్నారని ఎక్కడైనా అడుగుతారేమో అని, బయల్దేరేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ జేబులో వేసుకొచ్చాడంట. ఇది వద్దు, ఇదే మందు గానీ వేరే రకం కావాలి అని చెప్పాను. ఆ స్ట్రిప్పును ఆయన మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆ క్షణాన నా బుర్రలో పాప తప్ప ఇంకేమీ లేదు. "ఈ మాత్ర వేసుకునే మనిషి ఇప్పుడు ఇంట్లో ఏం వేసుకుంటాడు?" అని అడగాలని తోచలేదు.

మూడు మెడికల్ షాపులకు ఫోన్లు చేశాం. రెండు మూసేశారు. పక్క ఊళ్లో ఒకాయన ఇంట్లోంచి వచ్చి షాపు తెరిచి, వెనక అరలోంచి ఒక మిల్లీగ్రాము మామూలు మాత్రలు వెతికి, ఎక్స్‌పైరీ చూసి, కొడుకుకిచ్చి బండి మీద పంపించాడు. ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. ఈ లోపల వాంతులకు ఓండాన్‌సెట్రాన్ ఇచ్చాం, సెలైన్ నెమ్మదిగా పెట్టాం. ఇక్కడా ఆలోచించాల్సి వచ్చింది. వాంతులు, చెమటతో ఒళ్లు ఎండి ఉంది, ఎండిన ఒంటి మీద ప్రజోసిన్ పడితే బీపీ అమాంతం జారిపోతుంది. అలాగని నీళ్లు ఎక్కువ పోస్తే గుండె మోయలేక ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. గంటకు ఎంత అని గీత గీసుకుని అంతే ఇచ్చాం, గుక్కగుక్కగా ఓఆర్‌ఎస్ పట్టాం.

పది దాటి పది నిమిషాలకు మొదటి అర మాత్ర. ఏడు నిమిషాలకు వాంతి. ట్రేలో మాత్ర ముక్కలు కనిపిస్తూనే ఉన్నాయి. మళ్లీ ఇవ్వాలా వద్దా? అరగంట దాటాక వాంతి అయి ఉంటే ఇచ్చేవాణ్ణి కాదు, ఎంత లోపలికి పోయిందో తెలియక రెండు మోతాదులు ఒకటయ్యే ప్రమాదం ఉంటుంది. ఏడు నిమిషాలే, ముక్కలు కళ్ల ముందున్నాయి కాబట్టి పది ఇరవై అయిదుకు మళ్లీ ఇచ్చాను. ఈసారి పొడిచేసి, చెంచాడు ఓఆర్‌ఎస్‌లో కలిపి. మామూలు మాత్ర కాబట్టి పొడిచేయవచ్చు. ఈసారి నిలిచింది.

పదకొండుకు బీపీ 118/80కి దిగింది గానీ శ్వాస 44కి పెరిగింది, ఆక్సిజన్ 93, వీపు కింది భాగంలో సన్నటి బుడగల చప్పుడు. మందు ఆలస్యమైన గంటల ఫలితం అది. ఆక్సిజన్ పెట్టి, తిరుపతిలో పిల్లల ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి ఫోన్ చేసి, 108ని పిలిచాం.

అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ మెట్ల దగ్గర తిరగడం లేదని మా వాళ్లు గుమ్మం దగ్గర దాన్ని తిప్పుతుంటే, నేను లోపల రెఫరల్ కాగితం రాస్తున్నాను. అమ్మ పాపను ఎత్తి భుజాన వేసుకుంది. ఏ అమ్మయినా వేసుకుంటుంది. నాలుగడుగులు వేసిందో లేదో పాప తల వాలిపోయింది, చెయ్యి జారి కిందికి వేలాడింది. "సార్!" అని ఆమె పెట్టిన కేకకు పెన్ను అక్కడే పడేసి పరుగెత్తాను.

బీపీ 74, కిందిది దొరకలేదు. ప్రజోసిన్ మొదటి మోతాదు పడిన గంటా గంటన్నరలో నిలబెడితే ఇలా జరుగుతుందని పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది. వదులైన నాళాల్లో రక్తం కాళ్లవైపు జారిపోయి తలకు అందదు. వరండాలోనే నేలమీద పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకున్నాం. నర్సు సెలైన్ ధార వదలబోయింది, వద్దన్నాను. ఊపిరితిత్తుల్లో నీరు వినిపిస్తున్న బిడ్డకు ధారగా సెలైన్ పోస్తే ఇంకో ప్రమాదం కొనితెచ్చుకున్నట్టే. బీపీ పడింది ఒళ్లు నిలువుగా లేపినందుకు, కాబట్టి ముందు అడ్డంగా పడుకోబెట్టి రెండు నిమిషాలు చూద్దాం, లేవకపోతే అప్పుడు పోద్దాం అనుకున్నాను. ఆ రెండు నిమిషాలు చాలా పొడుగ్గా గడిచాయి. మూడో నిమిషానికి 88, అయిదో నిమిషానికి 98/62. పాప కళ్లు తెరిచి అమ్మను చూసింది.

నేను ఇంటివాళ్లకు "పడుకునే ఉండాలి" అని చెప్పానా అంటే చెప్పాను. ఎందుకో చెప్పలేదు. లేపితే స్పృహ తప్పుతుంది అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆమె ఎత్తుకునేది కాదు.

నేనూ అంబులెన్సులో ఎక్కాను. తల కొంచెం ఎత్తున పెడితే ఊపిరి తేలిక, చదునుగా పెడితే బీపీ భద్రం. బీపీ నిలకడయ్యాక తలవైపు కొద్దిగా ఎత్తాం. పన్నెండున్నరకు తిరుపతి చేరాం. అక్కడ ఎకోలో గుండె పంపింగ్ బాగా తగ్గి 38 శాతమే ఉంది. గుండె బలానికి డోబుటమిన్ పెట్టారు, తేలువిషానికి విరుగుడు సీరం ఇచ్చారు, ప్రజోసిన్ మూడు గంటలకు మళ్లీ, తర్వాత ఆరేసి గంటలకు కొనసాగించారు. మరుసటి మధ్యాహ్నానికి పాదాలు వెచ్చబడ్డాయి. అయిదో రోజు ఇంటికి వచ్చింది.

సీరం ఉంటే ప్రజోసిన్‌తో పాటు ఇవ్వడమే మేలు. బావస్కర్ వాళ్లే 70 మందితో చేసి 2011లో బీఎంజే అనే వైద్య పత్రికలో రాసినదాంట్లో, రెండూ ఇచ్చిన 35 మందిలో 32 మందికి పది గంటల్లో లక్షణాలన్నీ తగ్గాయి. ప్రజోసిన్ ఒక్కటే ఇచ్చిన 35 మందిలో అదే పది గంటల్లో తగ్గింది 8 మందికే. సీరం ఇంకా తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది, ప్రజోసిన్ అప్పటికే జరిగిపోయిన బిగువును వదిలిస్తుంది. నా దగ్గర సీరం లేదు. లేనిచోట ఈ మాత్రే బిడ్డను సీరం దాకా చేరుస్తుంది.

రెండో రోగి

పాప ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే అదే నాయన, అదే బండి. ఈసారి వెనక తాత, నుదుటికి తువ్వాలు చుట్టుకుని, అది రక్తంతో తడిసి ఉంది.

ఆయనకు 68 ఏళ్లు, ఇరవై ఏళ్ల షుగరు, కిడ్నీలు దెబ్బతిని క్రియాటినిన్ 2.4. బీపీకి ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, ఫ్రూసెమైడ్ రోజుకు ఒకటి, వాటితో దిగలేదని వేరేచోట ఒకరు ప్రజోసిన్ ఎక్స్‌ఎల్ 5 కలిపారు. కిడ్నీ రోగుల్లో దీన్ని ఇష్టంగా వాడతారు. ఈ మందు వదిలించుకునే పని ఎక్కువగా లివర్‌ది, పైగా పొటాషియం పెంచదు.

ఆ నాలుగు రోజులూ ఆయన ప్రజోసిన్ వేసుకోలేదు. స్ట్రిప్పు కొడుకు జేబులో తిరుపతిలో ఉంది. కొడుకు ఇంటికి రాగానే అందరికీ గుర్తొచ్చి రాత్రి అన్నం తిన్నాక మాత్ర వేసుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి ఒంటికి పోవాలని మంచం మీంచి లేచాడు, షెడ్డు గుంజ దాకా పోయాడు, పడిపోయాడు. ఆరు కుట్లు పడ్డాయి. సీటీ తీయించాం, లోపల ఏమీ లేదు.

నాలుగు రోజులు మానేసి మళ్లీ అదే మోతాదు వేసుకుంటే ఒంటికి అది మళ్లీ మొదటి మోతాదే. ఇన్నేళ్లుగా వాడుతున్నాడు కదా అని లెక్క వేయకూడదు. ఎక్స్‌ఎల్ నెమ్మదిగా దిగుతుంది కాబట్టి పడిపోవడం వెంటనే జరగదు, ఇలా అర్ధరాత్రి దాటాక జరుగుతుంది. పడుకోబెట్టి చూస్తే బీపీ 152/84, నిలబెట్టి మూడు నిమిషాలకు 106/62, కళ్లు తిరుగుతున్నాయన్నాడు.

మందుల కవరు మొత్తం బల్లమీద పోసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ప్రోస్టేట్ కోసం ఇంకో డాక్టరు రాసిన టామ్సులోసిన్ కూడా రోజూ వేసుకుంటున్నాడు. అదీ ఆల్ఫా-1 మీద పనిచేసేదే. ఒకరు బీపీకి రాశారు, ఒకరు మూత్రానికి రాశారు, ఇద్దరి చీటీలూ వేర్వేరు ఫైళ్లలో ఉన్నాయి. వయసు పైబడిన మగవాళ్లలో ఇది ఎంత తరచుగా కనబడుతుందో చెప్పలేను. ప్రజోసిన్ కూడా ఒకప్పుడు ప్రోస్టేట్‌కు వాడినదే, మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని వదులు చేస్తుంది. టామ్సులోసిన్ వచ్చాక ఆ పనికి దాన్ని వదిలేశారు, ఎందుకంటే టామ్సులోసిన్ రక్తనాళాల జోలికి తక్కువగా పోతుంది.

రెంట్లో ఏది ఆపాలి? మొదట నాకు టామ్సులోసిన్ ఆపాలనిపించింది, బీపీ ముఖ్యం కదా, ప్రజోసిన్‌తోనే మూత్రం పని కూడా నడుస్తుంది కదా అని. తర్వాత ఆగి ఆలోచించాను. ఆయన ఇబ్బందుల్లో ఒకటి రాత్రి మూడుసార్లు లేవడం. లేచే మనిషికి నిలబడగానే బీపీ పడగొట్టే మందు అంటిపెట్టుకుని ఉండడం మంచిది కాదు. పైగా షుగరు ఇరవై ఏళ్లది, నరాలు దెబ్బతిని నిలబడ్డప్పుడు నాళాలు వాటంతట అవి బిగుసుకునే శక్తి సగం పోయి ఉంటుంది. ఇంకో విషయం, బీపీకి ఈ జాతి మందు మొదటి వరసలోది కాదు. ఆల్‌హాట్ అనే పెద్ద అమెరికన్ ట్రయల్‌లో ఇదే జాతికి చెందిన డోక్సాజోసిన్ విభాగాన్ని 2000లో ముందే ఆపేశారు, గుండె ఫెయిల్యూర్ కేసులు మూత్రం ఎక్కువగా పోయించే క్లోర్‌థాలిడోన్ ఇచ్చినవాళ్లకంటే రెట్టింపు రావడం చూసి. అందుకే ప్రజోసిన్ ఆపి టామ్సులోసిన్ ఉంచాను.

మరి బీపీకి? మూడు మందులకు లొంగని బీపీకి స్పైరనోలాక్టోన్ మంచిదని 2015లో పాత్‌వే-2 అనే ట్రయల్ చూపింది, అదే ట్రయల్‌లో డోక్సాజోసిన్ దానికంటే వెనకబడింది. కానీ ఈయన పొటాషియం 5.3. ఆ కిడ్నీతో స్పైరనోలాక్టోన్ ఇస్తే పొటాషియం ఎక్కడికి పోతుందో భయం. ఇంత దెబ్బతిన్న కిడ్నీల్లో కూడా క్లోర్‌థాలిడోన్ పనిచేస్తుందని 2021లో ఒక ట్రయల్ వచ్చింది. అంతకుముందు పనిచేయదనే చదువుకున్నాం. కిడ్నీ డాక్టరుతో ఫోన్లో మాట్లాడి ఫ్రూసెమైడ్ తీసి క్లోర్‌థాలిడోన్ 12.5 పెట్టాం, పదిరోజులకోసారి సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూశాం. క్రియాటినిన్ మొదట 2.6కి పోయి మళ్లీ దిగింది. ఆవకాయ గురించి కూడా మాట్లాడుకున్నాం. రోజుకు రెండుపూటలా సంగటిలోకి ఊరగాయే. అది తగ్గించడానికి మందులు మార్చడం కంటే ఎక్కువ సమయం పట్టింది, అవ్వను ఒప్పించాక గానీ కాలేదు.

నెలకు పడుకుని 138/78, నిలబడి 126/72. లేచేముందు మంచం అంచున కాళ్లు వేలాడదీసుకుని ముప్పై అంకెలు లెక్కపెట్టమన్నాను. కంటిలో శుక్లం ఆపరేషన్ చేయించుకోవాలని చూస్తున్నాడు కాబట్టి, టామ్సులోసిన్ వాడుతున్న సంగతి కంటి డాక్టరుకు ముందే చెప్పాలని చీటీ మీద పెద్దక్షరాలతో రాసిచ్చాను. ఈ మందు వాడేవాళ్లలో ఆపరేషన్ సమయంలో కంటి నల్లపొర వదులుగా అల్లాడుతుందని 2005లోనే బయటపడింది. ముందే తెలిస్తే సర్జన్ తగిన ఏర్పాటు చేసుకుంటారు.

మార్చుకున్నవి

రివ్యూకు వచ్చినప్పుడు నాయన అడిగాడు: "ఒకే మాత్ర సార్, పాపకి మేలు చేసింది, మా నాయన్ని పడేసింది. ఎట్ల?" బల్లమీది సెలైన్ గొట్టం తీసుకుని పిడికిట్లో బిగించి చూపించాను. పాప నాళాలు ఇలా ఉన్నాయి, మాత్ర ఈ పిడికిలి వదిలించింది. మీ నాయనవి ఇంత బిగుసుకుని లేవు, అందులోనూ ఇంకో మాత్ర అప్పటికే వదులు చేసి ఉంది, దాని మీద ఇంకా వదులు చేశాం. ఆయనకు అర్థమైంది. నేను కూడా ఇప్పుడు ఈ మందు రాసేముందు అదే అడుగుతాను: ఈ మనిషిలో బిగుసుకున్నది ఏమిటి, అది వదులైతే ఇంకేం జారిపోతుంది?

అడ్రినల్ గ్రంథిలో గడ్డ వచ్చి అడ్రినలిన్ పొంగే రోగులకు ఆపరేషన్ ముందు ఈ జాతి మందు ఇచ్చేది పాపకు ఇచ్చిన కారణంతోనే. ఘోరమైన అనుభవాల తర్వాత పీడకలలు వచ్చేవాళ్లకు కూడా ప్రజోసిన్ వాడతారు. మొదటి చిన్న ట్రయల్స్ బాగా వచ్చాయి, 2018లో అమెరికా మాజీ సైనికుల మీద చేసిన పెద్దదానిలో మాత్రం ఉత్తిమాత్ర కంటే మేలేమీ కనబడలేదు. నేను ఆ పనికి ఎప్పుడూ రాయలేదు.

మోతాదు, మాత్ర రకం, ఒంట్లో నీరు, పడుకోవడం, ఈ నాలుగూ ఇప్పుడు కేసుషీటు పైనే రాస్తాం. మాత్ర ఇచ్చినప్పుడు మంచానికి ఒక ఎర్ర గుడ్డ కడతాం, అది ఉన్నంతసేపు ఎవరూ రోగిని ఎత్తకూడదు, ఎందుకు ఎత్తకూడదో అమ్మకు, అవ్వకు, తోడొచ్చిన పక్కింటివాళ్లకు కూడా నేనే చెబుతాను. ఎవరైనా ఇంటి మాత్రలు తెస్తే ఫోటో తీసుకుని స్ట్రిప్పు వెంటనే తిరిగి ఇంటికి పంపమంటాం. ఇంట్లో ఉన్న బీపీ మాత్రను తేలుకాటుకు సొంతంగా ఎవరూ వేయకూడదని కూడా గట్టిగా చెబుతున్నాం, ఎందుకంటే పాప సంగతి తెలిశాక ఆ ఊళ్లో ఇద్దరు ముగ్గురు తాత మాత్రల పేరు అడిగి రాసుకుపోయారంట.

పాపకు మూడు నెలలకు తీసిన ఎకోలో పంపింగ్ 62 శాతం. తాత మంచం మీద లెక్కపెట్టేటప్పుడు పక్కన నిలబడి గట్టిగా అంకెలు చెప్పేది ఆ పిల్లేనంట, ముప్పై కాకుండా లేస్తే ఊరుకోదంట.

మందుల గదిలో ఎమర్జెన్సీ ట్రేలో ఒక మిల్లీగ్రాము మామూలు ప్రజోసిన్ రెండు స్ట్రిప్పులు ఎప్పుడూ ఉంటున్నాయి. మొన్నటివి ఎవరికీ వాడకుండానే ఎక్స్‌పైరీ అయిపోయాయి, తీసేసి కొత్తవి పెట్టాం. ఇప్పుడున్నవి మార్చి దాకా. ఫిబ్రవరిలోనే తెప్పించమని గోడమీద క్యాలెండర్లో రాసి పెట్టాను.